నిద్రను చెరపని రాత్రి దీపం

ఇంట్లోకి ఏ దీపం కొన్నా ఎంత వెలుగునిస్తుందో చూసి కొంటారు. ఎంత తక్కువ వెలుగుతో పని జరుగుతుందో చూసి కొనవలసినది రాత్రి దీపం ఒక్కటే. ఈ తేడా గుర్తించకపోవడం వల్లనే, పదుల కొద్దీ దీపాలు ఒకేసారి వెలిగే దుకాణంలో మసకగా కనిపించినదాన్ని పక్కన పెట్టి, కొట్టొచ్చినట్టు కనిపించినదాన్ని తెచ్చి పడకగదిలో బిగించడం, అది పాడయ్యేంతవరకు దాని కిందనే నిద్రపోవడం చాలా కుటుంబాల్లో జరుగుతున్నది. రాత్రి దీపం చేయవలసిన పని నిజానికి చాలా చిన్నది: నిద్ర మధ్యలో లేచినవారికి మంచం అంచు, గడప, తలుపు గడియ, స్విచ్ బోర్డు ఎక్కడున్నాయో తెలియాలి, తిరిగి పడుకున్నప్పుడు నిద్ర త్వరగా పట్టాలి. మొదటిదానికి వెలుగు కావాలి, రెండవదానికి చీకటి కావాలి. దీపం ఎంపిక అంతా ఈ రెండు అవసరాలకూ పొత్తు కుదర్చడమే కనుక, ధర, ఆకారం, బ్రాండు వంటి విషయాలకన్నా ముందుగా చీకట్లో కన్ను ఎలా పనిచేస్తుందో తెలుసుకోవడం అవసరం.

అంతకన్నా ముందు కరెంటు ఖర్చు సంగతి తేల్చివేయవచ్చు. కిరోసిన్ లాంతరు వత్తిని బాగా తగ్గించి గది మూలన పెట్టుకునే రోజుల తరువాత తెలుగు ఇళ్లలోకి వచ్చిన జీరో బల్బు పేరులో సున్నా ఉన్నా, రంగు గాజుబుడ్డిలో సన్నని తీగ వేడెక్కి వెలిగే ఆ బల్బు 12 నుంచి 15 వాట్ల విద్యుత్తును వాడేది. 15 వాట్ల బల్బు రాత్రికి 10 గంటల చొప్పున ఏడాది పొడవునా వెలిగితే సుమారు 55 యూనిట్లు ఖర్చవుతాయి. అదే అర వాటు ఎల్‌ఈడీ బల్బుకు 2 యూనిట్లు కూడా కావు. జీరో బల్బును తీసివేసి ఎల్‌ఈడీ పెట్టడంలో లాభం ఉన్నదనడంలో సందేహం లేదు గాని, ఎల్‌ఈడీల మధ్య అర వాటా, ఒక వాటా అని బిల్లు దృష్టితో పోల్చి చూడడం వృథా శ్రమ. కొనేవారి శ్రద్ధ వెళ్లవలసినది రంగు మీదికి, వెలుగు పరిమాణం మీదికి, దీపాన్ని అమర్చే చోటు మీదికి.

కంటి వెనుక గోడగా ఉండే నేత్రపటలంలో చూపుకు తోడ్పడే కణాలు రెండు రకాలు. పగటి వెలుగులో పనిచేస్తూ రంగులనూ సూక్ష్మమైన వివరాలనూ పట్టిచ్చేవి శంకుకణాలు. మసక వెలుతురులో పనిచేస్తూ ఆకారాలనూ కదలికలనూ మాత్రమే, అదీ రంగు లేకుండా, తెలియజేసేవి దండకణాలు. దండకణాల్లో రొడాప్సిన్ అనే కాంతిగ్రాహక పదార్థం ఉంటుంది. ప్రకాశవంతమైన వెలుగు పడగానే అది విచ్ఛిన్నమై, చీకటిలో నెమ్మదిగా తిరిగి ఏర్పడుతుంది. ఇలా ఏర్పడి కన్ను చీకటికి పూర్తిగా అలవాటుపడడానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. నిద్రలోంచి లేచిన మనిషి కన్ను అప్పటికే ఈ స్థితిలో ఉంటుంది కనుక, ఆ కంటికి అతి స్వల్పమైన వెలుగు కూడా సరిపోతుంది. ట్యూబులైటు వేస్తే మాత్రం క్షణాల్లో ఆ శక్తి పోయి, లైటు ఆర్పిన తరువాత కాసేపు ఏమీ కనిపించక తడుముకోవలసి వస్తుంది. అర్ధరాత్రి లేచిన పెద్దవారు స్నానాలగది లైటు ఆర్పి వెనక్కి వచ్చే దారిలో తూలి పడడానికి ఇదొక ముఖ్య కారణం.

దండకణాలకు మరొక లక్షణం ఉంది. ఆకుపచ్చ, నీలం రంగుల మధ్య, అంటే 500 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర, అవి చురుకుగా స్పందిస్తాయి. ఎరుపు కాంతికి దాదాపుగా స్పందించవు. నానోమీటరు అంటే మీటరులో వంద కోట్లవ వంతు. కాంతి తరంగాల పొడవును ఈ కొలతలో చెబుతారు. చీకట్లో నీలం, ఆకుపచ్చ వస్తువులు ఉన్నదానికన్నా ప్రకాశంగానూ, ఎర్రనివి నల్లగానూ కనిపించడాన్ని చెక్ శాస్త్రవేత్త పుర్కిన్యే 19వ శతాబ్ది తొలి భాగంలో గమనించినందువల్ల దానికి ఆయన పేరే స్థిరపడింది. నీలిరంగు బెడ్‌లైటు చిన్నదే అయినా అర్ధరాత్రి గదంతా నిండిపోయినట్టు అనిపించడానికీ, అదే వాటేజీ ఉన్న ఎర్ర దీపం ఒద్దికగా ఉన్నట్టు అనిపించడానికీ కారణం ఇదే.

నీలం పట్ల అభ్యంతరం దీనితో ముగియదు. చూపుతో దాదాపు సంబంధం లేకుండా, ఇది పగలా రాత్రా అన్న సమాచారాన్ని మాత్రం మెదడుకు చేరవేసే మూడవ రకం కణాలు నేత్రపటలంలో ఉన్నాయని 2002లో వెలువడిన పరిశోధనలు నిరూపించాయి. మెలనాప్సిన్ అనే పదార్థం గల ఈ కణాలు 480 నానోమీటర్ల దగ్గరి నీలికాంతికి అత్యధికంగా స్పందిస్తాయి. వాటికి ఆ కాంతి తగిలినప్పుడు, మెదడులోని పీనియల్ గ్రంథి రాత్రివేళ స్రవించే మెలటోనిన్ తగ్గిపోతుంది. మెలటోనిన్ అంటే రాత్రి అయిందన్న కబురును శరీరమంతటికీ అందించే హార్మోను. తెల్లని ఎల్‌ఈడీ ఈ విషయంలో అనుమానించదగినది కావడానికి కారణం దాని నిర్మాణంలోనే ఉంది: అర్ధవాహక పదార్థంతో చేసిన చిన్న పలుకు నీలికాంతిని వెలువరిస్తుంది, దానిపై పూసిన పసుపు ఫాస్ఫర్ ఆ నీలంలో కొంతభాగాన్ని పసుపుగా మారుస్తుంది, రెండూ కలిసి కంటికి తెలుపుగా కనిపిస్తాయి. సమర్థమైన నీలి ఎల్‌ఈడీని సాధించినందుకే అకసాకి, అమానో, నకమురా అనే ముగ్గురు శాస్త్రవేత్తలకు 2014లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది. ప్రపంచానికి చవకగా వెలుగు దొరికింది ఆ ఆవిష్కరణ వల్లనే. అయితే పగటి పనికి వరమైన ఆ నీలం నిద్రించే గదికి తగదు.

డబ్బా మీద కెల్విన్ అన్న కొలతతో ముద్రించే అంకె వర్ణ ఉష్ణోగ్రత, అంటే తెలుపు ఎంత పచ్చగా లేదా ఎంత నీలంగా ఉందో చెప్పే సంఖ్య. 6500 కెల్విన్‌ను కూల్ డేలైట్ అనీ, 2700ను వార్మ్ వైట్ అనీ అమ్ముతారు. నూనె దీపం వెలుగు సుమారు 1900 దగ్గర ఉంటుంది. పేరులోని చల్లదనాన్ని బట్టి ఎండాకాలం గదికి 6500 మేలని భావించడం సరికాదు, ఎందుకంటే అంకె పెరిగేకొద్దీ నీలం పాలు పెరుగుతుంది. ఒకే పరిమాణంలో వెలుగునిచ్చినప్పుడు 2700 దీపం మెలనాప్సిన్ కణాలను 6500 దీపంతో పోలిస్తే సుమారు సగం మాత్రమే కదిలిస్తుంది. 590 నానోమీటర్ల దగ్గరి పసుపు నారింజ దీపం, అంటే ఆంబర్, ఇంకా చాలా తక్కువ కదిలిస్తుంది. ఎరుపు దాదాపు కదిలించనే కదిలించదు. అందువల్ల పడకగదికి మొదటి ఎంపిక ఆంబర్, రెండవది ఎరుపు, అవి దొరకనప్పుడు 2700 లేదా అంతకన్నా తక్కువ అంకె గల వార్మ్ వైట్. ఎరుపును రెండవ స్థానంలో పెట్టడానికి కారణం ఉంది: ఎర్రని వెలుగులో మెట్టు అంచులను, నేల మీద పడిన వస్తువులను గుర్తించడం పెద్దవారికి కష్టమవుతుంది, పైగా పుట్టుకతో ఎరుపును సరిగా గ్రహించలేని వర్ణాంధత గలవారికి ఆ దీపం వెలిగినా వెలగనట్టే ఉంటుంది. రంగులు మారుతూ తిరిగే దీపాలు పండుగ అలంకరణకు చక్కగా ఉంటాయి గాని పడకగదికి పనికిరావు.

పసుపు రంగు బుడ్డి ఉన్నంతమాత్రాన లోపలి దీపం ఆంబర్ కావాలని లేదు. తెల్లని ఎల్‌ఈడీకి పచ్చని ప్లాస్టిక్ తొడిగి అమ్మేవీ ఉంటాయి. ఇంట్లో పాత సీడీ ఒకటి ఉంటే ఈ సంగతి నిమిషంలో తేలుతుంది. గదిలోని తక్కిన లైట్లు ఆర్పి, సీడీ మెరుపు వైపున దీపం ప్రతిబింబం పడేలా వంచి చూస్తే కాంతి రంగులుగా విడిపోయి కనిపిస్తుంది. ఆ చారల్లో నీలం స్పష్టంగా ఉంటే దీపంలోనూ ఉన్నట్టే.

రంగు తరువాత తేల్చుకోవలసినది పరిమాణం. దీపం నుంచి వెలువడే మొత్తం కాంతిని ల్యూమెన్లలోనూ, ఒక చదరపు మీటరు మీద పడే కాంతిని లక్స్‌లోనూ కొలుస్తారు. ఒక చదరపు మీటరు మీద సమంగా పడిన ఒక ల్యూమెన్ ఒక లక్స్ అవుతుంది. కొవ్వొత్తి మొత్తంగా సుమారు 12 ల్యూమెన్లు ఇస్తుంది, మీటరు దూరంలో దాని వెలుగు సుమారు 1 లక్స్ ఉంటుంది, నిండు పున్నమి వెన్నెల దానిలో పావు వంతుకు మించదు. 2022లో నిద్ర, కాంతి విషయాల్లో నిపుణులైన శాస్త్రవేత్తల బృందం ఒకటి చేసిన సిఫారసుల ప్రకారం, మెలనాప్సిన్ కణాల స్పందనను బట్టి తూచిన లెక్కలో, నిద్రపోయేచోట కంటి దగ్గర వెలుగు 1 లక్స్‌ను మించరాదు; పడుకోవడానికి ముందు మూడు గంటలపాటూ, రాత్రి తప్పనిసరిగా లేచి పని చేసుకునేటప్పుడూ 10 లక్స్‌ను మించరాదు. అదే ఏడాది అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 100 లక్స్ వెలుగులో ఒక్క రాత్రి నిద్రించినవారిలో గుండె వేగం పెరగడాన్నీ, మరునాటి ఉదయం ఇన్సులిన్‌కు శరీరం స్పందించే తీరు మందగించడాన్నీ గమనించారు. అందులో పాల్గొన్నవారు 20 మందే, పరిశీలించినది ఒక రాత్రినే కనుక దాన్నిబట్టి రాత్రి దీపం మధుమేహాన్ని తెస్తుందని చెప్పడం తొందరపాటు అవుతుంది. కానీ ట్యూబులైటు వేసుకుని నిద్రపోయే అలవాటు ఉన్నవారు దాన్ని మానుకోవడానికి ఆ ఫలితం చాలు.

ఈ లెక్కలను ఇంటికి అన్వయిస్తే, సాధారణమైన పడకగదికి 5 నుంచి 15 ల్యూమెన్ల దీపం సరిపోతుంది. చాలా డబ్బాల మీద ల్యూమెన్ల సంఖ్య ఉండదు, ఉన్నా దుకాణంలో దానిని సరిచూసే వీలు లేదు; అందువల్ల దీపాన్ని ఇంట్లోనే, చీకటికి అలవాటుపడిన కంటితో పరీక్షించాలి. రాత్రి అన్ని లైట్లు ఆర్పి, కొత్త దీపాన్ని మాత్రం వెలిగించి, మంచం మీద 20 నిమిషాలు పడుకున్న తరువాత మూడు విషయాలు గమనించవచ్చు. మంచం మీంచి చూస్తే దీపం నేరుగా కంట్లో పడుతున్నదా, రెప్పలు మూసినా వెలుగు తెలుస్తున్నదా, లేచి తలుపు దాకా వెళ్లేందుకు దారి కనిపిస్తున్నదా అన్నవి ఆ మూడు. మొదటి రెంటిలో ఏ ఒక్కటి నిజమైనా దీపం ఎక్కువైనట్టు, లేదా అమర్చిన చోటు తప్పినట్టు. నేల మీద పరిచిన చాప అల్లిక లెక్కపెట్టగలిగేంత వెలుగు ఉంటే అది రాత్రి దీపానికి అవసరమైనదానికన్నా ఎంతో ఎక్కువ.

చోటు విషయంలో తెలుగు రాష్ట్రాల ఇళ్లకు ప్రత్యేకమైన ఇబ్బంది ఒకటి ఉంది. ఇల్లు కట్టేటప్పుడే వైరింగు చేసేవారు బెడ్‌లైటు కోసం గోడకు బాగా పైన, తరచుగా తలుపు మీదనో సీలింగు దగ్గరనో, ఒక హోల్డరు బిగిస్తారు. అక్కడ పెట్టిన దీపం సీలింగు ఫ్యాను రెక్కలకన్నా ఎత్తులో ఉండడం వల్ల తిరిగే రెక్కల నీడలు మంచం మీదా గోడల మీదా ఆగకుండా కదులుతాయి. పైనుంచి వచ్చే వెలుగు వెల్లకిలా పడుకున్నవారి కళ్ల మీదికే వస్తుంది. కాళ్లు పడే నేల మాత్రం మంచం నీడలో ఉండిపోతుంది. ప్లగ్గులో గుచ్చే దీపాలతోనూ చిక్కే ఉంది. విదేశీ నమూనాలను నేలకు జానెడు ఎత్తులో ఉండే సాకెట్ల కోసం రూపొందిస్తారు. ఇక్కడి సాకెట్లు ఎక్కువగా నాలుగడుగుల ఎత్తున స్విచ్ బోర్డులోనే ఉంటాయి, పైగా వాటిలో ఒకటి దోమల మందు యంత్రానికి పోతుంది. ఆ ఎత్తులో గుచ్చిన దీపం మంచం మీదివారికి సూటిగా కనిపిస్తుంది. కాబట్టి వెలుగు కిందికి మాత్రమే పడేలా పైన మూత గల నమూనాను ఎంచుకోవడం, లేదా మంచం చట్రం అడుగున చిన్న ఎల్‌ఈడీ పట్టీని అతికించడం మేలు. దీపం బుడ్డి కంటికి కనిపించకుండా, దాని వెలుగు మాత్రం నేల మీద పడేలా అమర్చడం ఈ విషయంలో పాటించదగిన ఒకే ఒక్క నియమం.

వృద్ధులున్న ఇంట్లో ఈ నియమానికి ప్రాణావసరమంత విలువ ఉంది. వయసుతోపాటు కనుపాప కుంచించుకుపోయి, కంటి కటకం పచ్చబారడం వల్ల 60 ఏళ్లవారి నేత్రపటలానికి 20 ఏళ్లవారితో పోలిస్తే సుమారు మూడో వంతు వెలుగే చేరుతుంది. వారికి వెలుగు కాస్త ఎక్కువే కావాలి, కానీ దానిని గదంతటికీ పెంచకుండా మంచం నుంచి స్నానాలగది దాకా దారి పొడవునా, మోకాలికన్నా దిగువన, రెండు మూడు చిన్న దీపాలుగా పంచాలి. గడప దగ్గర, తడి నేల మొదలయ్యేచోట, మెట్టు ఉంటే దాని అంచున ఒక్కొక్కటి ఉండడం అవసరం. స్నానాలగదిలో పెట్టే దీపానికి ఐపీ 44 గుర్తు ఉండాలి. ఈ అంకెల్లో మొదటిది దుమ్ము, ఘనపదార్థాలు లోపలికి పోకుండా ఉండే రక్షణను, రెండవది నీటి నుంచి రక్షణను సూచిస్తాయి, రెండవ స్థానంలోని 4 అంటే ఏ దిక్కు నుంచి నీళ్లు చిందినా తట్టుకుంటుందని అర్థం. ఇన్ని చేసినా మసక వెలుతురులో ఏమీ కనిపించడం లేదని ఇంట్లో ఎవరైనా అంటే, దీపం మార్చడంతో సరిపెట్టుకోకూడదు. అది శుక్లం కావచ్చు, రేచీకటి కావచ్చు, ఏదైనా కంటి వైద్యుడే తేల్చాలి.

మనిషి కదలికను బట్టి వెలిగే దీపాలు ఈ దారి అవసరానికి బాగా నప్పుతాయి. వాటిలోని సెన్సరు శరీరం నుంచి వెలువడే పరారుణ కిరణాలను, అంటే కంటికి కనిపించని వేడి కిరణాలను, పరిసరాల వేడితో పోల్చి కదలికను పసిగడుతుంది. మే నెలలో రామగుండంలోనో విజయవాడలోనో రాత్రి కూడా గది వేడి 35 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు శరీరానికీ గదికీ తేడా దాదాపు లేకుండాపోయి ఆ సెన్సరు మందగిస్తుంది కనుక, వృద్ధుల విషయంలో దానినొక్కదాన్నే నమ్ముకోకుండా రాత్రంతా వెలిగే చిన్న దీపం ఒకటి తోడుగా ఉంచాలి. చీకటి పడగానే తానే వెలిగి తెల్లవారగానే ఆరిపోయే రకంలో సెన్సరు వేరు. దాని మీద వీధిదీపం వెలుగు పడకుండా చూస్తే చాలు. వసారాకు మాత్రం ఆంబర్ దీపమే పెట్టాలి, ఎందుకంటే తొలకరి వానల తరువాత ఉసిళ్లు తెల్లని దీపానికి మూగినంతగా దానికి మూగవు.

పిల్లల గది గురించి తల్లిదండ్రులకు ఒక భయం ఉన్నది. రెండేళ్లలోపు పిల్లలు దీపం వెలుగులో నిద్రపోతే హ్రస్వదృష్టి, అంటే దూరపు చూపు తగ్గడం, వస్తుందన్న పరిశోధన ఒకటి 1999లో నేచర్ పత్రికలో వెలువడి ప్రపంచమంతా ప్రచారమైంది. మరుసటి ఏడాదే అదే పత్రికలో వచ్చిన రెండు పరిశీలనల్లో అటువంటి సంబంధం కనిపించలేదు. హ్రస్వదృష్టి గల తల్లిదండ్రులే పిల్లల గదిలో దీపం ఎక్కువగా ఉంచుతారనీ, ఆ లోపం వంశపారంపర్యంగా పిల్లలకు సంక్రమిస్తుందనీ అవి సూచించాయి. చీకటికి జడిసే పసివాడికి మసక ఆంబర్ దీపం ఉంచడంలో దోషం లేదు. బాలింత గదిలో కూడా రాత్రి పాలివ్వడానికి అదే తగినది, అయితే ఆ వెలుగులో శిశువు ఒళ్లంతా పచ్చగానే కనిపిస్తుంది కనుక కామెర్ల అనుమానం ఉంటే పగటి వెలుగులో చూడాలి, వైద్యుడికి చూపించాలి. బొమ్మల ఆకారంలో ఉండి గుండీ బ్యాటరీతో వెలిగే దీపాలను, బ్యాటరీ మూతకు స్క్రూ లేనట్లయితే, పసిపిల్లలున్న ఇంట్లోకి రానివ్వనే కూడదు. మింగిన గుండీ బ్యాటరీ కొద్ది గంటల్లోనే అన్నవాహికను కాల్చివేయగలదు.

విద్యుత్ భద్రతలో మొదట చూడవలసినది డబ్బా మీది గుర్తులు. మన దేశంలో ఎల్‌ఈడీ బల్బులకు భారతీయ ప్రమాణాల సంస్థ వద్ద నమోదు తప్పనిసరి. బల్బు మీద ఐఎస్ 16102 అన్న ప్రమాణ సంఖ్య, ‘ఆర్’ అక్షరంతో మొదలయ్యే నమోదు సంఖ్య ఉండాలి, ఆ సంఖ్యను బీఐఎస్ కేర్ అనే మొబైల్ యాప్‌లో సరిచూసుకోవచ్చు. చవక రాత్రి దీపాల్లో 230 వోల్టులను తగ్గించడానికి ట్రాన్స్‌ఫార్మర్‌కు బదులు చిన్న కెపాసిటరును వాడతారు. అందువల్ల లోపలి భాగాలన్నీ కరెంటు లైనుతో నేరుగా కలిసి ఉంటాయి, పై తొడుగు పగిలిన దీపాన్ని ముట్టుకుంటే షాక్ కొడుతుంది. బాగున్నప్పుడు కూడా వీటిలో కొన్ని సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి. ఫోను కెమెరాను దగ్గరగా పెట్టి చూసినప్పుడు తెరపై నల్లని చారలు కదిలితే ఆ దీపం అటువంటిదే. కరెంటు పోయినప్పుడు చతురస్రాకార తరంగాన్నిచ్చే పాత రకం ఇన్వర్టరు మీద ఇవి ఎక్కువ కరెంటు తీసుకుని వేడెక్కుతాయి. అటువంటి ఇన్వర్టరున్న ఇళ్లవారు చార్జింగు దీపాలను వాడుకోవడం మంచిది, వాటిని పరుపు మీదగానీ దిండు కిందగానీ ఉంచి చార్జి చేయకూడదు.

స్విచ్ ఆపిన తరువాత కూడా ఎల్‌ఈడీ బల్బు సన్నగా వెలుగుతూనే ఉంటే, అది బల్బు నాణ్యత లోపమని భావించి పారవేయడం సర్వసాధారణం. ఎర్రని సూచిక దీపం గల స్విచ్ నుంచి వచ్చే స్వల్ప కరెంటు వల్ల అలా జరిగితే ప్రమాదం లేదు. కానీ విద్యుత్తును తెచ్చే ఫేజు తీగకు పెట్టవలసిన స్విచ్‌ను, దానిని తిరిగి తీసుకుపోయే న్యూట్రల్ తీగకు పెట్టినప్పుడు కూడా బల్బు అలాగే వెలుగుతుంది. ఆ స్థితిలో స్విచ్ ఆపినా హోల్డరులో ఫేజు ఉంటుంది కనుక, ఎలక్ట్రీషియన్ వచ్చి తీగలు సరిచేసేంతవరకు ఆ బల్బును మెయిన్ స్విచ్ ఆపిన తరువాత మాత్రమే విప్పాలి.